ముందు నా వేలు

రైలు జరం రాక మునుపు తుమ్మలబావి మిషనాసుపత్రిలో సూదికి భయపడినవాళ్లు లేరు. జ్వరమని ఎవరొచ్చినా, చేలున్న రెడ్డి అయినా చెప్పుల్లేని కూలి అయినా, కాజువాలిటీ గది గడప దాటగానే నర్సు కృపమణి ముందు ఎడమచేతి వేలు చాపడమే. ఆమె స్పిరిటు దూదితో తుడిచి, సూదితో టక్కున పొడిచి, ఉబికిన చుక్కను గాజుపలక మీద అద్దుకుని, మరో పలక అంచుతో పల్చగా లాగేది. ఆ పలక ఆరాక కిటికీ దగ్గర కూర్చున్న ఏసేపు చేతికి పోయేది. ఏసేపు మైక్రోస్కోపు కింది అద్దాన్ని ఎండకు తిప్పుకుని, ఒక కన్ను మూసి, రక్తంలో మలేరియా పురుగు ఉన్నదీ లేనిదీ చెప్పేవాడు. మందు ఆ తరువాతే. కాలువ పనులు మొదలైనప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల మలేరియాకు కొదవ లేదు కాబట్టి ఆసుపత్రికి అదొక ఆచారమైపోయింది. పని తొందరలో ఎప్పుడైనా ఒకరి వేలు వదిలేస్తే ఆ మనిషి ఊరుకునేవాడు కాదు. "ఏమమ్మా, మా రగతం రగతం కాదా?" అని నిలదీసేవాడు.

యాభై ఏడో సంవత్సరం ఎండలు తగ్గే కాలానికి ఆ కొత్త జ్వరం వచ్చింది. మద్రాసులో పుట్టిందన్నారు, రైలెక్కి డోన్‌లో దిగిందన్నారు. డాక్టర్లు ఫ్లూ అన్నారు, జనం రైలు జరం అన్నారు. చూస్తుండగానే తుమ్మలబావిలో దగ్గు వినపడని ఇల్లు లేకుండా పోయింది. పల్లెల నుంచి బళ్లు కట్టుకుని వచ్చినవాళ్లతో ఆసుపత్రి వరండా నిండింది, వేపచెట్ల నీడ నిండింది, నీడ దొరకనివాళ్లు ఎండలోనే దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. గాజుపలకలు కడిగి ఆరబెట్టే తీరిక ఎవరికీ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు ఏసేపుకే జ్వరం తగిలింది. అతను తలకు తువ్వాలు చుట్టుకుని మైక్రోస్కోపు మీద వంగి దగ్గితే పలక జరిగిపోయేది, చూసిన చోటే మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చేది. పొద్దు వాలేసరికి చూసిన పలకలకంటే చూడని పలకలే ఎక్కువ మిగిలేవి.

ఆ గుట్టను చూసి డాక్టరు శంకరరెడ్డి ఒకనాడు తలపట్టుకున్నాడు. మంచి డాక్టరే. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాడు.

"ఇంగ చాలు కృపమ్మా," అన్నాడు. "అందరికీ వచ్చింది ఒకటే జరమైనప్పుడు అందరి రక్తమూ చూసి ఏం చేస్తాం? నడిచొచ్చినోళ్లకు మిక్చరిచ్చి పంపించు. తెలివి తప్పినోళ్లకు, ఊపిరాడనోళ్లకు, అదీ నేను చెప్పినప్పుడే రక్తం తియ్యి. ఏసేపు గూడా మనిషే గదా."

అందులో వంక పెట్టడానికేమీ లేదు. కృపమణికి నెత్తిన మోపు దించినట్టయింది. ఆ సాయంత్రం ప్రార్థనలో ఆ మాటకు దేవునికి కృతజ్ఞత కూడా చెప్పుకుంది.

*

చావుకు దగ్గరైనవాళ్లకు మాత్రమే సూది పొడుస్తూ పోతే చూసేవాళ్లకు ఎలా కనబడుతుందో డాక్టరూ ఆలోచించలేదు, కృపమణీ ఆలోచించలేదు. వరండాలో ఉన్న జనానికి చూడటం తప్ప వేరే పని లేదు. డాక్టరు ఏం చెప్పాడో వాళ్లకు తెలియదు, కంటికి కనబడిందే తెలుసు. తెల్లచీర నర్సు సూదిపళ్లెం పట్టుకుని బయటికి వస్తుంది. ఇంతమందినీ దాటుకుంటూ పోయి ఒక్కరి దగ్గర కూర్చుంటుంది. వేలు పొడుస్తుంది. మర్నాటికి ఆ మనిషి ముఖం మీద గుడ్డ కప్పి బండికెత్తుతారు. ఇంకొకనాడు ఇంకొకరి దగ్గర కూర్చుంటుంది. వాళ్ల బండీ అదే దారి పడుతుంది.

మొదట్లో కృపమణి గమనించలేదు. ఆమె నడిచి వస్తుంటే వరండాలో మాటలు ఆగిపోతున్నాయని, దగ్గేవాళ్లు కూడా దగ్గు దిగమింగుకుంటున్నారని తరువాత తెలిసింది. ఒక పెద్దాయన ఒళ్లు పెనంలా కాలుతున్నా లేచి నిలబడి, "నాకేం జరం ల్యాదమ్మా, ఊరికే కూచున్యా" అని గోడ పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె చేతిలో ఉన్నది మిక్చరు సీసా. సూది కానే కాదు. తల్లులు పిల్లల చేతుల్ని కొంగుల్లో చుట్టి పెట్టుకున్నారు. మొగవాళ్లు చేతుల్ని చంకల్లో పెట్టుకునో, తొడల కింద పెట్టుకునో కూర్చున్నారు. అంతమంది కూర్చున్న చోట ఒక్క వేలు కూడా కనిపించలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర మజ్జిగమ్మే లక్ష్మక్క రోజూ పరాచికాలాడుతూ లోటా కృపమణి చేతికే ఇచ్చేది. ఊరి బయటి పేటనుంచి వచ్చిన మనిషని ఎన్నడూ ఎడం చూపలేదు. ఆ లక్ష్మక్క ఒక మధ్యాహ్నం లోటాను అరుగు మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమి లక్ష్మక్కా, చేతికియ్యవా?"

"నేననేది కాదు కృపమ్మా, అందరూ అంటాండారు. నువ్వు ఏలు పట్టుకుంటే ఆ మనిషి లేసేది ల్యాదంట. నీ మింద నాకేం కోపం ల్యాదు తల్లీ. తాగు, సల్లగుండాది."

కుండ మూతి మూయొచ్చు గానీ లోకం మూతి మూయలేం. కృపమణి మజ్జిగ తాగకుండానే వెళ్లిపోయింది. ఇన్నేళ్లు ఎన్ని వేళ్లు పట్టుకుందో, ఎందరు బాగై టెంకాయలు పట్టుకొచ్చారో తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. డాక్టరుతో చెప్పింది. ఆయన ఒకరి గుండె మీద గొట్టం పెట్టి వింటూ నవ్వాడు.

"మంచిదే గదమ్మా. సూది భయానికైనా గుంపు తగ్గుతాది."

గుంపు నిజంగానే తగ్గింది.

*

మరి రెండు రోజులకు పత్తికొండ దోవన ఒక ఎద్దుల బండి వచ్చి గేట్లో ఆగింది. ఎద్దుల్ని తోలుకొచ్చినవాడు అయ్యన్న. బండిలో అతని వదిన సుంకులమ్మ, ఆమె ఒళ్లో తల పెట్టుకుని కొడుకు తిమ్మయ్య. పెండ్లి కావలసిన వయసు. వాడికి తెలివి లేదు, పళ్లు గిట్టకరిచి ఉన్నాయి. రెండు చేతులకూ మణికట్టు నుంచి వేళ్ల దాకా పాత చీరగుడ్డలు చుట్టి, ముళ్లు మీద ముళ్లు వేసి ఉన్నాయి. కాలిన పుండ్లేమో అనుకుంది కృపమణి. దగ్గరికి వెళ్లి ముడి మీద చెయ్యి వేసేసరికి సుంకులమ్మ ఆమె చేతిని పక్కకు నెట్టేసింది.

"వాని సేతులు ముట్టద్దు. ఏం మందిచ్చినా పోసుకుంటాం. సూది మాత్రం వద్దు."

ఆసుపత్రి గేటు దాటలేదనుకున్న మాట పత్తికొండ పల్లెల దాకా ముందే వెళ్లిపోయిందని కృపమణికి అప్పుడు అర్థమైంది.

డాక్టరు వచ్చి తిమ్మయ్య కనురెప్ప కిందికి లాగి చూశాడు. ఎడమ డొక్కలో వేళ్లు పెట్టి నొక్కాడు. జ్వరానికి ఉబ్బిన బల్ల, అదే ప్లీహం, రాయిలా గట్టిగా తగిలింది. ఆయన ముఖం మారింది.

"ఎన్నాళ్లాయ జరం?"

"కాలవ పని నుంచి వచ్చినాక సామీ. దినం మార్చి దినం వణుకుతాండె. ఊర్లో అందురూ రైలు జరమేనన్రి. పోయిన వారం వాడే నడ్సుకుంటా మీ కాడికి వచ్చినాడు గదా. సీసా మందిచ్చి పంపిస్తిరి."

డాక్టరు కృపమణి వైపు చూశాడు. కృపమణి తిమ్మయ్య ముఖం వైపు చూసింది. ఎంత చూసినా గుర్తు రాలేదు. నడిచి వచ్చినవాళ్ల సీసాలు నింపి ఇవ్వడమే గానీ ముఖాలు చూసే తీరిక ఎక్కడిది? పాత పద్ధతే ఉంటే ఆనాడే గడప దగ్గర వేలు చాపి ఉండేవాడు. ఆనాడే ఏసేపు చూసి ఉండేవాడు. నాలుగు మాత్రలతో పోయేది. ఆ ఆలోచన ఆమె గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

డాక్టరు ఆమెను పక్కకు పిలిచాడు. "మలేరియా తలకెక్కినట్టుండాది. కానీ ఫ్లూకు గూడా ఇట్లే తెలివి తప్పినోళ్లను చూస్తిమి. పురుగు కనపడిందని ఏసేపు చెప్తే క్వినైను నరానికెక్కిస్తాను. చెప్పకుండా ఎక్కించను. మొన్న ఒకాయనకు గుడ్డిగా ఎక్కిస్తే ఫ్లూతో అలసిన గుండె తట్టుకోలేక నా చేతిలోనే పోయినాడు. ఒక్క చుక్క చాలు కృపమ్మా. ఎట్లన్నా తియ్యి."

మాత్ర నూరి తేనెతో నాలిక మీద రాస్తే పెదవి చివర నుంచి కారిపోయింది. ఇక చుక్క రక్తం తప్ప వేరే దారి లేదు.

కృపమణి సుంకులమ్మ పక్కన నేల మీద కూర్చుంది. మలేరియా అంటే ఏమిటో చెప్పింది, పురుగు సంగతి చెప్పింది. డాక్టరు తన వేలు తానే పొడుచుకుని చూపించాడు. సుంకులమ్మ ఆ ఎర్రటి చుక్కను చూసి తల అడ్డంగా ఊపింది.

"నీకేం సామీ, నీకు జరం ల్యాదు. ఉన్నా నువ్వు డాకటేరువి." తరువాత కృపమణి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, బతిమాలుకుంటున్నట్టుంది. "నువ్వు గూడా బిడ్డలు గన్నదానివే ఉంటావు. నిజం చెప్పమ్మా. ఇంతమందిలో ఒగరినే ఏరి నువ్వు పొడిసినోళ్లలో బతికి ఇంటికి పోయినోని పేరు ఒగటి చెప్పు. ఒగే ఒగటి."

వరండా అంతా చెవులు రిక్కించింది. కృపమణి నోరు తెరిచింది. అందరి వేళ్లూ పొడిచిన రోజుల పేర్లయితే తెల్లవార్లూ చెప్పగలదు. ఒక్కొక్కరినే పొడవడం మొదలుపెట్టాక? రైల్వే గ్యాంగు మనిషి ఒకాయన కళ్లు తెరిచాడు, కానీ వాళ్లవాళ్లు మాట వినకుండా డోన్ తీసుకుపోయారు. ఆయన ఉన్నాడో లేడో తెలియదు. ఏదో ఒక పేరు అల్లి చెప్పేస్తే పోయేది. ఆ అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ తల్లి కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయింది.

"చావుకు దగ్గరైనోళ్లకే పొడుస్తాండామమ్మా. అందుకే..."

"అయితే నా కొడుకు సావుకు దగ్గరైనాడంటావా?"

సుంకులమ్మ కొడుకు చేతుల్ని ఒళ్లోకి లాక్కుంది. కళ్లాపి చల్లీ, కలుపు తీసీ మొద్దుబారిన తన వేళ్ల వంక చూసుకుంది. చివరికి ఎడమచెయ్యి చాచింది.

"ముందు నా ఏలు పొడువు."

"నీకెందుకమ్మా? నీకు జరం లేదు గదా."

"ల్యాకేం, మూడు దినాల నుంచి నాకూ ఒళ్లు కాలతానే ఉండాది. చెప్పుకోలేదు అంతే. పొడువు. రేప్పొద్దున పొద్దు పొడిసేసరికి నేను ఉంటిని అనుకో, వాని సేతులు నేనే ఇప్పి నీకిస్తా. నేను పోతినా, వాన్ని పొడవకుండా ఇంటికి తోలుకపొమ్మని మా అయ్యన్నకు చెప్పినా. అంతవరకూ వాన్ని ముట్టనని నీ దేవుని మీద మాటియ్యి."

కృపమణి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నిజమే, కాలుతోంది. అంతసేపు వద్దమ్మా, అంత టైము లేదమ్మా అని ఎన్ని విధాల చెప్పినా సుంకులమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నా ప్రాణం అడ్డం పెడతాండా గదా, నువ్వు మాటియ్యలేవా?" అంది. అయ్యన్న తల వంచుకుని నేల గీరుతూ నిలబడ్డాడు. చివరికి కృపమణి మాట ఇచ్చింది. ఆ మొద్దువేలు పొడిచింది. చుక్క ఉబికింది. సుంకులమ్మ కళ్లు మూసుకుని, అప్పుడే ప్రాణం పోతుందేమోనన్నట్టు కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చుంది. తరువాత మెల్లగా కళ్లు తెరిచి, కొడుకు తలను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

*

"సందు చూసి పొడిచెయ్యి," అన్నాడు డాక్టరు, సంగతి విన్నాక. "ఆమెకు తెలిసేలోపల ఏసేపు చూసేస్తాడు."

"పొద్దు గుంకుతాండాది గదా సార్."

"పెట్రోమాక్సు ఎలిగించుకోనైనా చూస్తాలే," అన్నాడు ఏసేపు లోపలినుంచి, దగ్గుతూనే. "నువ్వు పలక తీసుకరా సాలు."

సందు దొరికింది. దీపాలు పెట్టే వేళకు సుంకులమ్మ చెంబు తీసుకుని లేచింది. పొద్దున్నుంచి ఆమె గొంతులో నీళ్లు పడలేదు. అయ్యన్న ఎద్దులకు మేత వెయ్యడానికి వెళ్లాడు. ఆమె రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "నిన్ను నమ్మి పోతాండా కృపమ్మా," అంది. అప్పటిదాకా ఆమె నోట పేరు రాలేదు.

కృపమణి తిమ్మయ్య పక్కన కూర్చుంది. ఒక చేతి ముడి వదులైంది, చిటికెన వేలు కొస బయటికి కనబడుతోంది. గోరు పాలిపోయి ఉంది. ఆమె చేతిలో సూది ఉంది, పళ్లెంలో పలక ఉంది. అంతా ఒక్క నిమిషం పని. తల ఎత్తి చూసింది. వరండాలో ఒక్కరూ కదలడం లేదు. అందరి చూపూ ఆమె చేతి మీదే. ఇప్పుడు పొడిచి, వీడు బతక్కపోతే? మాటిచ్చి దొంగతనంగా పొడిచి చంపిందంటారు. ఇక ఈ తాలూకాలో ఎవరూ చెయ్యి చాపరు. మాట నిలబెట్టుకుంటే రేపు పొద్దున సుంకులమ్మే ఈ జనం ముందు కొడుకు చెయ్యి విప్పుతుంది. ఆ తరువాత అందరివీ విచ్చుకుంటాయి. ఒక్క రాత్రి. ఇన్ని రోజులు ఓర్చుకున్నవాడు ఒక్క రాత్రి ఓర్చుకోలేడా?

ఇలా తనకు తాను చెప్పుకుంది కృపమణి. చెప్పుకున్నదంతా నిజమే. అయినా ఆ వేలి కొస మీద నుంచి చూపు తిప్పుకోవడం ఆమెకు చాలా కష్టమైంది. సూదిని దూదిలో గుచ్చి, వదులైన ముడిని తానే బిగించింది. సుంకులమ్మ నీళ్లతో వచ్చి ఆ ముడిని తడిమి చూసుకుని, చెంబులో నీళ్లు ముందు కృపమణికే అందించింది. కృపమణి తాగింది.

*

తెల్లవారి కృపమణి గేటు దగ్గరికి వచ్చేసరికి సుంకులమ్మ వరండా మెట్టు మీద నిలబడి ఉంది. తల దువ్వుకుని, ముఖం కడుక్కుని ఉంది. ఎండ ఇంకా వేపచెట్ల చిటారున ఉంది.

"నేను సావలేదమ్మా!" అని అక్కడినుంచే కేకేసింది. నవ్వుతోంది. ఆమె నవ్వగా కృపమణి చూడటం అదే మొదలు. "సూడు, ఉండా! నా జరం గూడా యాడికి పాయనో!"

వరండాలో ఎవరో నవ్వారు. "రాత్రంతా తన ఏలు తానే సూసుకుంటా కూచున్యాది ఆయమ్మ," అన్నారు ఇంకెవరో. పోయిన వారం నుంచి అక్కడ నవ్వు వినపడలేదు. కృపమణి మెట్లెక్కుతూ అటూ ఇటూ చూసింది. ఒక ముసలమ్మ చేతులు ఒళ్లో తెరిచి పెట్టుకుని కూర్చుంది. ఒక తల్లి బిడ్డ చేతుల మీది కొంగు తీసేసింది. దేవా, ఇంత తొందరగా కరుణించావా అనుకుంది కృపమణి.

లోపలినుంచి ఏసేపు మైక్రోస్కోపు అద్దాన్ని తిప్పుకుంటూ పిలిచాడు. "ఎండ వచ్చె కృపమ్మా, తీసుకరా."

తిమ్మయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చేతుల మీది గుడ్డలన్నీ విప్పి, మడిచి తల కింద పెట్టి ఉన్నాయి. చేతులు కడిగి, గోళ్లలో మట్టి కూడా తీసి ఉంది.

"మాట ప్రకారం నేనే ఇప్పినా," అంది సుంకులమ్మ పక్కన కూర్చుంటూ. "నువ్వు మాట తప్పలేదు, నేనూ తప్పలేదు. వానికీ జరం దిగిపాయనమ్మా. కోడికూతప్పుడు ముట్టుకుంటే సల్లగుండాడు. ఇన్ని దినాలకు నా తండ్రి నిమ్మళంగా నిద్దరపోయినాడు. ఆ వణుకు ల్యాదు, ఆ మూలుగు ల్యాదు. లేపడమెందుకని ఊరకున్యా."

ఆమె కొడుకు చేతిని ఎత్తి, వేళ్లు ఒక్కొక్కటే సాగదీసి కృపమణి చేతిలో పెట్టింది.

కృపమణికి ఆ చెయ్యి తగిలింది. తగిలిన క్షణంలోనే తెలిసింది. వరండా అంతా చూస్తోంది. తల్లి చూస్తోంది, వెలుగు నిండిన ముఖంతో. ఇన్నేళ్లుగా అలవాటైన కృపమణి చేతులు వాటంతట అవే పని చేశాయి. స్పిరిటు దూదితో వేలు తుడిచాయి. సూదితో పొడిచాయి. వేలి మొదలు నుంచి కొస దాకా ఒత్తాయి. మళ్లీ ఒత్తాయి. ఒత్తిన చోట తెల్లటి గుంట పడి అలాగే ఉండిపోయింది.

సుంకులమ్మ వంగి చూసింది. కాసేపు ఎదురుచూసింది.

"రగతం రాలేదేమమ్మా?" అంది మెల్లగా. "సరింగా తగల్లేదేమో. ఇంగో ఏలు పొడువు. నేను అడ్డం రానులే." అంటూ కొడుకు రెండో చేతిని కూడా ఎత్తి, పిడికిలి తెరిచి ఆమె ముందు పెట్టింది.